ముక్క పరీక్ష

నా కాలికి ఏదో పెద్ద జబ్బు వచ్చిందని అనుమానం పుట్టినప్పుడు, ఆ సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది నాకే. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది. కాలు నాది. నొప్పి నాది. కానీ ఎముకల డాక్టరుగారికి తెలుసు, నాన్నకి తెలుసు, పిన్నికి తెలుసు, పిన్ని పక్కవాటాలో అద్దెకున్న ఆవిడకి కూడా తెలుసు. నేను కుంటుకుంటూ గదిలోకి రాగానే అందరూ ఒక్కసారిగా కూరగాయల ధరల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్ళు.

అవి డెబ్భైల చివరి రోజులు. నేను గుణదలలో ఒక మిషన్ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. అక్కడికి దగ్గర్లోనే పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. మాది కొల్లేటి ఒడ్డున పల్లె. నాన్న చేపల వ్యాపారి. ఆ సంవత్సరం మేరీమాత ఉత్సవాలకి పిల్లల్ని వరసగా కొండ ఎక్కించి దింపుతున్నప్పుడు కుడి మోకాలి కింద కలుక్కుమంది. ఆ జనంలో ఎవరో తన్ని ఉంటారనుకున్నాను. ఉత్సవాలు అయిపోయాయి, నొప్పి మాత్రం పోలేదు.

"బెణికిందే, మరేం కాదు" అంది పిన్ని. వేడి ఆముదం రాసింది. చింతాకు ఉడకబెట్టి కట్టింది. మోకాలి కింద బుడిపెలా లేచింది. అప్పుడు నాన్న ఊరి నుంచి వచ్చి, పామర్రు దగ్గర కట్లు కట్టే ఆయన ఉన్నాడని నన్ను బస్సులో తీసుకెళ్ళాడు. ఆయన నా కాలు చూసి, "కీలు తప్పిందమ్మా" అని, ఆ బుడిపె మీదే బొటనవేలు పెట్టి నొక్కాడు. నేను వేసిన కేకకి బయట కట్టేసిన గేదె తాడు తెంపుకుంది. గుడ్డుసొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఆ కట్టుతో వేసవి సెలవులన్నీ గడిచాయి. విప్పేసరికి బుడిపె కాస్తా నిమ్మకాయంత అయింది.

"ఇంక ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళొద్దు నాన్నా, డాక్టరు దగ్గరికి తప్ప" అని గట్టిగా అరిచాక, బెజవాడలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎక్స్‌రే తీయించి, దాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. నేను కూడా చూశాను. మోకాలి కింద ఎముక పైకొసలో ఒక పక్కంతా చెద తిన్న దూలంలా బోలుగా ఉంది. అది ఏమిటని అడగబోయేంతలో డాక్టరుగారు నాన్న వైపు తిరిగి, "అమ్మాయిని కాసేపు బయట కూచోమనండి" అన్నారు.

అదిగో, అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఎన్ని బెంచీల మీద కూర్చున్నానో చెప్పలేను. తలుపు వేసేవాళ్ళు. లోపల నా కాలి గురించి మాట్లాడుకునేవాళ్ళు. బయట నేను గోడ మీద కుటుంబ నియంత్రణ బొమ్మ చూస్తూ కూర్చునేదాన్ని.

నాన్న బయటికొచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏమన్నారు?"

"నీరు పట్టిందంట."

"నీరు పడితే నీ మొహమెందుకట్టా ఉంది?"

"ఎండే, ఎండ. పద."

నాన్నకి అబద్ధమాడటం రాదు. చేపల బేరంలో రూపాయి సరుకు రెండు రూపాయలని ఎదుటివాడి కళ్ళలోకి చూసి చెప్పగలిగిన మనిషి, నా దగ్గర మాత్రం నేల చూపులు చూశాడు. ఇంటికెళ్ళాక పిన్ని నా కంచంలో చేప నడిమి ముక్కలు రెండు వేసింది. ఎప్పుడూ తోక ముక్క వేసే పిన్ని. అప్పుడే అనుకున్నాను, ఏదో కొంప మునిగిందని.

ఆ సాయంత్రం వంటింట్లో వాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను. సిగ్గేమీ పడలేదు. నా కాలి సంగతి నేను వినడానికి సిగ్గెందుకు?

"ఆ జబ్బే అయితే తొడ దగ్గరికి తీసెయ్యాలంట" అంటున్నాడు నాన్న. "కాకపోతే కాలు ఉంటదంట. ఏదనేది ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ చెప్పలేరంట."

ఆ రోజుల్లో దాని పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. 'ఆ జబ్బు' అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిస్తే పలికి లోపలికొస్తుందేమోనని భయం. నేను వంటింట్లోకి వెళ్ళి, "కాన్సర్ అంటారు నాన్నా దాన్ని. కాన్సర్. నాకు నోరు తిరుగుతుంది, నీకు తిరగదా?" అన్నాను. పిన్ని చేతిలో గరిటె వదిలేసి నా నోరు మూసింది.

ముక్క తీయడానికి పిన్ని ససేమిరా ఒప్పుకోలేదు. గడ్డకి కత్తి తగిలితే రేగి ఒళ్ళంతా పాకుతుందని ఆవిడకి ఎవరో చెప్పారు. వాళ్ళ అత్తగారి వైపు ఒకాయనకి అలాగే అయిందట. ఆయనకి ముందే పాకి ఉంటుందేమో, ముక్క తీశాక తెలిసి ఉంటుందేమో అంటే వినదు. "రేగనీ పిన్నీ, ఏదో ఒకటి తేలుతుందిగా" అన్నాను. నాకు ఇరవై మూడేళ్ళు. తొడ దగ్గర కోసేసిన కాలు ఎలా ఉంటుందో రైల్వే స్టేషన్ మెట్ల మీద చాలాసార్లు చూశాను. ఆ మెట్ల మీద నన్ను నేను ఊహించుకుంటూ పడుకునే కంటే, ఉందో పోతుందో తెలుసుకోవడమే నయమనిపించింది.

మత్తిచ్చి ముక్క తీశారు. చిన్న సీసాలో వేసి, మూత బిగించి, నాన్న చేతిలో పెట్టారు డాక్టరుగారు. అప్పట్లో బెజవాడలో దాన్ని చూసి చెప్పేవాళ్ళు లేరు. ఎవరి ముక్క వాళ్ళ ఇంటివాళ్ళే గుంటూరు పట్టుకెళ్ళి, అక్కడ పరీక్ష చేసే డాక్టరుగారికి ఇచ్చి రావాలి.

"జాగ్రత్తండీ" అన్నారు డాక్టరుగారు. "పాడవకుండా తీసుకెళ్ళి ఇవ్వండి."

ఆ ఒక్క మాట అన్నారు. మూత తియ్యకండి అనలేదు. లోపల ఉన్నది మందు, దాన్ని పారబొయ్యకండి అనలేదు. అనాల్సిన పని లేదనుకున్నారు కాబోలు. మామూలు మనిషైతే నిజంగానే అక్కర్లేదు. కానీ మా నాన్నకి 'పాడవకుండా' అనే మాట చెప్పడమంటే, అర్చకుడికి గంట చేతికివ్వడమే. ఆయన బతుకంతా ఆ ఒక్క పని. కొల్లేట్లో పట్టిన కొర్రమీను, వాలుగ హౌరాలో దిగేదాకా పాడవకూడదు. గంపలో ఏ వరసకి ఎంత ఐసు పరవాలి, ఎంత ఉప్పు చల్లాలి, పైన ఎంత ఊక కప్పాలి, రైలు ఆలస్యమైతే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి సరుకు సంగతి చెప్పేవాడు.

నాన్న గుంటూరు చేరేసరికి ఆ డాక్టరుగారు ఇంటికెళ్ళిపోయారు, అక్కడివాళ్ళు రేపు రమ్మన్నారు. నాన్న సీసా పట్టుకుని బస్టాండులో నిలబడ్డాడు. రేపటిదాకా ముక్క ఆగుతుందా అని అనుమానం వచ్చింది. మూత తీసి, అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముక్కులు బద్దలయ్యేలా ఘాటు కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇదంతా ఆయనే తిరిగొచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఎంతో గర్వంగా నాకు చెప్పాడు.

"అప్పుడే వాసనొచ్చేసిందే తల్లీ. నా గుండె ఆగిపోయింది. ఆ నీళ్ళు ఎప్పటివో ఏంటో. మురిక్కాలవలో పారబోశా. ముక్కని మంచినీళ్ళతో శుభ్రంగా రెండు మూడుసార్లు కడిగా. అక్కడ ఐసు ఫ్యాక్టరీలో మనకి తెలిసినాయన ఉన్నాడుగా, ఆయన దగ్గర దంచిన ఐసు తీసుకుని, ఉప్పేసి, ఫ్లాస్కులో అమర్చి, పొద్దున్నే దింపా. చూసుకో, ఇసుమంత వాసన లేదు."

నాకూ అప్పుడు ఏం తెలుసు? బాగా చేశావు నాన్నా అన్నాను. పిన్ని కూడా, "మా బావ కాబట్టి అంత జాగ్రత్తగా తీసుకెళ్ళాడు" అని మెచ్చుకుంది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. డాక్టరుగారి గదిలోకి నాన్న వెళ్ళాడు, నేను ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి మాత్రం తలుపు వేసి ఉన్నా లోపలి మాటలన్నీ వినిపించాయి. డాక్టరుగారు అంత గట్టిగా అరిచారు.

"కడిగి ఉప్పేసి తెచ్చారంటయ్యా! అదేమన్నా కొర్రమీనా? ఆ సీసాలో మందు పోసింది ఎందుకనుకున్నారు?"

"వాసనొచ్చిందండి" అన్నాడు నాన్న.

"ఫార్మలిన్ వాసన రాకపోతే మల్లెపూల వాసనొస్తుందా? ఐసులో పెడితే లోపల కణాలన్నీ చితికిపోతాయండీ. గాజు పలక మీద ఏమీ కనపడట్లేదంట. అవునని చెప్పలేరు, కాదని చెప్పలేరు. మళ్ళీ తియ్యాలి."

నేను చంకకర్ర పట్టుకుని తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నా కాలి ముక్కని చేపముక్కలాగ కడిగావా నాన్నా?"

"పాడవకుండా అన్నారుగదే..." అన్నాడు. ఆ మాట అంటూ డాక్టరుగారి వైపు చూశాడు. ఆయన చూపు తిప్పుకున్నారు. నాకు ఎవరి మీద ముందు అరవాలో తెలియలేదు. మూత తియ్యకండి అని ఒక్క మాట చెప్పడానికి ఈయనకి నోరు పడిపోయిందా? తెలియనప్పుడు ముట్టుకోకుండా ఉండటానికి ఆయనకి చేతులు ఆగవా? వీళ్ళిద్దరి మధ్యా నా కాలు ఏమైపోవాలి? ఇవన్నీ ఒక్క ఊపున అనేశాను. డాక్టరుగారు, "అమ్మా, నువ్వు బయట కూచో" అన్నారు. నిజంగా ఆ మాటే అన్నారు.

వెంటనే మళ్ళీ తీయడానికి లేదు. మొదట కోసిన చోట చీము పట్టింది, అది మానాలి. ఈలోగా డాక్టరుగారు ఆలోచించి, మద్రాసు వెళ్ళమన్నారు. అక్కడ కొత్త యంత్రం వచ్చిందట. ఏదో మందు నరంలోకి ఎక్కించి, ఒంట్లో ఎముకలన్నిటినీ ఒకేసారి చూస్తారట. జబ్బు కాలి దగ్గరే ఉందా, ఇంకెక్కడికైనా పాకిందా తెలుస్తుందట. ముక్క పరీక్ష కూడా అక్కడే, ఆ ఆసుపత్రిలోనే చేస్తారు, ఎవరూ ఎక్కడికీ మోసుకెళ్ళక్కర్లేదు. ఆ చివరి మాట ఆయన నాన్న వైపు చూడకుండా అన్నారు.

గాయం మానడానికి కొన్ని వారాలు. అక్కడ మంచం దొరకడానికి ఇంకొన్ని వారాలు. బుడిపె నిమ్మకాయ దాటి బత్తాయి దారి పట్టింది. కాలు కింద పెడితే ప్రాణం పోయేది. ఈ రోజులన్నీ ఎవరు తిరిగిస్తారని నేను దేవుళ్ళందరినీ, గుణదల మాతతో సహా, తిట్టుకున్నాను.

మద్రాసు చేరాక, సూది మందు రాలేదన్నారు. అది బొంబాయి నుంచి విమానంలో వస్తుందట. ఆ వారం విమానం దాన్ని దింపలేదు. వచ్చే వారం రమ్మన్నారు.

"పోయినవారందేమన్నా మిగిలి ఉంటే అది ఎక్కించొచ్చుగదండీ" అన్నాను. అక్కడ నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగు డాక్టరు ఒకాయన ఉండేవారు. కుర్రాయనే. ఆయన నాకు కాకుండా నాన్నకి జవాబు చెప్పారు. "దానికి నిలవ ఉండదండీ. గంటగంటకీ సత్తువ తగ్గిపోతుంది. రేపటికి పనికిరాదు."

"చేప లాంటిదే అయితే" అన్నాడు నాన్న. మద్రాసులో ఆయనకి అర్థమైన మొదటి మాట అదే. నాకు మాత్రం చేప అన్న మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

సత్రంలో వారం పడిగాపులు కాశాక మందొచ్చింది. సూది నా చేతికి గుచ్చుతూ, కుర్ర డాక్టరుగారు నాన్నతోనే మాట్లాడుతున్నారు. "ఎముకలో ఎక్కడ జబ్బు పనిచేస్తూ ఉంటే ఈ మందు అక్కడికి పోయి పేరుకుంటుందండీ. యంత్రం ఆ చోటుని నల్లగా చూపిస్తుంది. అమ్మాయి చేత నీళ్ళు బాగా తాగించండి. మిగిలిన మందు మూత్రంలో పోతుంది." చెయ్యి నాది, నీళ్ళు తాగాల్సింది నేను. నేనేమో ఆ గదిలో కుర్చీ బల్లల్లో ఒకదాన్ని.

చెంబులకి చెంబులు నీళ్ళు తాగి, కూర్చుని, లేచి మరుగుదొడ్డికి వెళ్ళి, మళ్ళీ కూర్చుని, మధ్యాహ్నం దాటాక బల్ల మీద పడుకోబెట్టారు. కదలకూడదన్నారు. నా మీదుగా ఒక ఇనుప చెయ్యి అటూ ఇటూ మెల్లిగా తిరుగుతూ టిక్కు టిక్కుమంటూ పక్కనున్న కాగితం మీద చుక్కలు కొడుతోంది. కుట్టు మిషన్ శబ్దంలా ఉంది. చాలాసేపటికి కాగితం మీద ఒక ఎముకల మనిషి తేలాడు. నా బొమ్మే. మెడ కాస్త తిప్పితే కనిపిస్తోంది. కుడి మోకాలి కింద నల్లటి మచ్చ, అది ఉంటుందని తెలిసిందే. ఎడమ తొడ మీద, పైన, ఇంకో మచ్చ.

కుర్ర డాక్టరుగారు ఆ కాగితం తీసుకుని నాన్నని అద్దం తలుపు అవతలికి పిలిచారు. అద్దంలోంచి నాన్న కనిపిస్తున్నాడు. డాక్టరుగారు ఆ మచ్చ మీద వేలు పెట్టి ఏదో అన్నారు. నాన్న గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారి, నేల మీద చతికిలబడ్డాడు.

నేను బల్ల మీద పడుకుని ఉన్నాను. కదలకూడదు. రెండో కాలు కూడానన్నమాట, అనుకున్నాను. పాకిందన్నమాట. పిన్ని అన్నదే నిజమైందన్నమాట. చనిపోతానని మొదటిసారి గట్టిగా అనిపించింది అప్పుడే. ఏడుపు రాలేదు. ఎవరైనా వచ్చి ఒక్క మాట చెబితే బాగుండునని మాత్రం అనిపించింది. "ఏమైందండీ?" అని పెద్దగా అడిగాను. అద్దం అవతలికి వినపడలేదు.

ఎంతసేపటికో ఒక ఆయా వచ్చి, లంగా మార్చుకుని, కాళ్ళు కడుక్కుని రమ్మంది. ఎందుకంటే చెప్పదు. డాక్టరు చెప్పారంది. కడుక్కుని వచ్చి మళ్ళీ పడుకున్నాను. ఇనుప చెయ్యి మళ్ళీ తిరిగింది. ఈసారి తొడ మీద మచ్చ లేదు.

మెట్లు దిగుతూ నాన్న నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "ఏం లేదే, ఏం లేదు. ఆ మందు ఒంట్లోంచి పోయేటప్పుడు ఒక బొట్టు బట్టకి అంటిందంట. యంత్రం దాన్నే పట్టుకుందంట. ముందు అనుమానంగా ఉందన్నారు, తర్వాత పెద్ద డాక్టరొచ్చి బట్ట మార్పించమన్నాడు."

నేను ఆ మెట్ల మీదే ఆగిపోయాను.

"ఒక్క బొట్టు ఉచ్చ కోసం నన్ను అంతసేపు చంపారా నాన్నా? ఆ దొడ్లో తలుపుకి గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని కూచున్నా. లంగా తడిసిందని నాకు తెలుసు. నన్నొక్క మాట అడిగితే నేనే చెప్పేదాన్నిగా! అందరూ నిన్నే అడుగుతారేం? కాలు నీదా? తొడ నీదా?"

మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నాన్న నా చంక కింద చెయ్యి వేసి దింపాడు. సత్రం చేరి కూర్చున్నాక తనలో తను అనుకుంటున్నట్టు, "నిజమే, నిన్నడగాల్సింది" అన్నాడు.

రెండోసారి ముక్క తీశారు. ఆ సీసాని నాన్నకి చూపించనే లేదు. నర్సు ట్రేలో పెట్టుకుని వెళ్ళిపోతుంటే, ఆయన ఒక్క అడుగు పక్కకి వేసి దారిచ్చాడు. మూత బిగించారా లేదా అని కూడా అడగలేదు.

జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను కనిపించిన వాళ్ళనల్లా అడిగాను. నర్సుని అడిగితే, "అప్పాకిట్ట సొల్లువాంగ" అంది. నాన్నకి చెబుతారట. అరవం రాని నాకు ఆ ఒక్క ముక్క మాత్రం బాగా వచ్చేసింది. మంచం మీద పడుకుని కాలి వేళ్ళు కదిపి చూసుకునేదాన్ని. ఇవి ఉంటాయా, పోతాయా? ఇంతకుమించి నాకు వేరే ఆలోచన లేదు.

ఆ రోజు పెద్ద డాక్టరుగారు గదికి పిలిచారు. అరవాయన, వయసు మళ్ళిన మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. పక్కన ఉండాల్సిన నెల్లూరు డాక్టరుగారు సెలవు. నన్ను చూసి, చేత్తో బయటి బెంచీ చూపించి, నాన్నని లోపలికి రమ్మన్నారు.

నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కాలు దానిది బాబూ" అన్నాడు తెలుగులోనే, నా వైపు చెయ్యి చూపిస్తూ. "దానికి ఇంగ్లీషొచ్చు. దానికే చెప్పండి. అది నాకు చెప్తది."

డాక్టరుగారికి మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమయ్యాడు. నాకు కుర్చీ చూపించారు. నాన్న నా వెనక నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక డాక్టరు నా మొహంలోకి చూసి మాట్లాడారు.

ఇది ఆ కాన్సర్ కాదన్నారు. పెద్ద పెద్ద కణాలున్న ఒక రకం గడ్డ. ప్రాణం తియ్యదు, ఎముకని తినేస్తుంది. కాలు తియ్యక్కర్లేదు. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఆగకుండా, మెల్లని ఇంగ్లీషులో, రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటిదాంట్లో గడ్డ చుట్టూ ఎముక పెచ్చు ఇంకా నిలిచి ఉంది. అప్పుడే తెలిసి ఉంటే గడ్డని గీకేసి, తుంటి ఎముక పొడి నింపితే సరిపోయేది, మోకాలు మామూలుగా వంగేది. రెండోదాంట్లో పెచ్చు పగిలిపోయింది, కీలులోకి దిగింది. ఇప్పుడు ఆ కొస కోసి తీసేసి, తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి ఇనుప కడ్డీతో బిగించాలి. కాలు కర్రలా నిటారుగా ఉంటుంది. మోకాలు ఇంక ఎప్పటికీ వంగదు.

ఆయన నా పాత కాగితాలు తిరగేసి, తల అడ్డంగా ఊపారు. మొదటి ముక్క ఐస్‌లో పాడవకుండా ఉండి ఉంటే ఈ అవస్థ తప్పేది, ఆ ఐస్ మీ మోకాలు తీసుకుంది, అన్నారు. నన్ను మనిషిలా చూసి నిజం చెబుతున్నానని ఆయన అనుకున్నారు. చెప్పారు కూడా.

నేల మీద కూర్చోలేను. దోనెలో కూర్చోలేను. బడిలో చిన్నపిల్లల పక్కన గొంతుక్కూర్చుని పలక మీద చెయ్యి పట్టి దిద్దించలేను. ఇవన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. కోపం ఎగదన్నుకొచ్చింది. వెనక్కి తిరిగాను.

నాన్న నా మొహమే చూస్తున్నాడు. "ఏమన్నారే? కాలుంటదా?"

"ఉంటదంట. కాన్సర్ కాదంట. మోకాలు మాత్రం వంగదంట."

"కాలుంటదా!" అన్నాడు. రెండు చేతులూ ఎత్తి డాక్టరుగారికి దణ్ణం పెట్టాడు. పెట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ ఇంగ్లీషంతటిలో ఆయనకి తెలిసిన మాట ఒకటుంది. రోజూ వాడే మాట.

"ఐసు అన్నారుగా" అన్నాడు. "రెండుసార్లు అన్నారు. ఐసు సంగతేంటంట?"

చెప్పడానికి నాకు అన్ని హక్కులూ ఉన్నాయి. మాట నాలిక చివర ఉంది. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ మా ఇద్దరినీ చూస్తున్నారు.

"ఆపరేషనయ్యాక వాపు దిగడానికి ఐసు పెడతారంట" అన్నాను.

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"అంతే నాన్నా."

కోపంతో నా గొంతు వణికింది. ఆయన అది భయమనుకుని, నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు.